మాటలో ఊరు... బట్టలో బతుకు

*శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది అండమాన్‌లో నిలదొక్కుకున్నారు. ఇళ్ళు కట్టారు, పడవలు కొన్నారు, పిల్లల్ని చదివించారు. యాసమీద, కట్టుమీద పడ్డ ముద్ర మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఆ ముద్ర వేసిందెవరు? దాన్ని చెరుపుకోవడానికి వాళ్ళు వదులుకున్నదేమిటి?*

అండమాన్ రాజధానిలోని జంగ్లీఘాట్ రేవులో ఇంకా పూర్తిగా తెల్లారలేదు. రాత్రి వేటకెళ్ళిన డింగీలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. ఐసు పెట్టెల చప్పుడు, డీజిల్ వాసన, వేలం కేకలు. గట్టు పక్కన పీట వేసుకుని ఓ నడివయసు ఆవిడ కూర్చుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, నడుముకు డబ్బుల సంచీ బిగించి, కత్తిపీటను కాలితో అదిమిపట్టింది. ఎదురుగా చేతి పొడుగు చేప. తెలుగాయన వచ్చి ఆగగానే ‘ఏటి బాబూ, అలగ సూస్తన్నావు? కోనాం. ఇప్పుడే దిగింది, కన్ను సూడు’ అంటుంది. ఆ వెనకే వచ్చిన హిందీ ఆయనకు అదే చేప ‘సుర్మయి’. తమిళ హోటలు కుర్రాడికి ‘వంజిరం’. మలయాళీ నర్సమ్మ అడిగితే ‘నెయ్‌మీన్’. బేరం ఎన్ని భాషల్లో సాగినా ధర దగ్గర తేడా రాదు.

స్టార్ హోటల్ రిసెప్షన్‌లో బ్లేజరు తొడుక్కున్న అమ్మాయి ఈ పని చేస్తే ‘నాలుగు భాషలు వచ్చు’ అని బయోడేటాలో మొదటి వరుసలోనే రాసుకుంటుంది. జీతం కూడా దానికే ఇస్తారు. ఇక్కడ కూర్చున్నావిడ బయోడేటా అంతా ఒకే మాట: చేపలావిడ.

ఊరికి కొత్త పేరు.. మనిషికి?

2024 సెప్టెంబరు 13న కేంద్ర ప్రభుత్వం దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. అంతకుముందు 2018లో రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు కొత్త పేర్లొచ్చాయి. తెల్లదొరల గుర్తులు బోర్డుల మీంచి దిగిపోయాయి. ఆ చర్చ టీవీల్లో వేడిగా సాగింది. అదే ఊళ్ళో మనిషికీ మనిషికీ మధ్య అతుక్కున్న పేర్ల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎవరు ‘లోకల్’, ఎవరు ‘సెటిలర్’, ఎవరు ‘రాంచీ’, ఎవరు ‘తెలుగోళ్ళు’... దీవుల్లో ఈ మాటలు చిరునామాలే కాదు, హోదాను చెప్పే కొలతలు కూడా. నోరు విప్పగానే, వేసుకున్న బట్ట చూడగానే ఎదుటి మనిషిని ఏ గడిలో కూర్చోబెట్టాలో తేల్చేస్తారు.

ఇటు మనవైపూ యాస మీద చర్చ నడుస్తోంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమాలో శ్రీకాకుళం మత్స్యకారుడి మాట కథానాయకుడి నోట పలికింది. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్థాన్ జైల్లో చిక్కుకున్న సిక్కోలు (శ్రీకాకుళం) జాలర్ల ఉదంతం ఆ కథకు ప్రేరణ. అంతకుముందు 2020లో ‘పలాస 1978’ అదే యాసలో సీరియస్ కథ చెప్పింది. దశాబ్దాల పాటు పనిమనిషికో, హాస్యగాడికో తప్ప తెరమీద దక్కని మాట అది. సినిమాలో ఆ యాసకు చప్పట్లు పడుతున్నాయి సరే, ఉద్యోగం ఇంటర్వ్యూలో పడుతున్నాయా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు అండమాన్ తెలుగువాళ్ళ డెబ్బై ఏళ్ళ బతుకులో కొంత జవాబుంది.

ఒడ్డు ఎందుకు వదిలారు?

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది. అంత తీరంలో పెద్ద పడవలు నిలుపుకోవడానికి సరైన చేపల రేవు చాలాకాలం లేదు. అలల్లోంచి తెప్పను ఒడ్డుకు లాక్కునే వేటతో ఇల్లు గడవక, సిక్కోలు జాలరి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి కూలికి వేటాడతాడు. దానికి తోడు తుపాన్లు. ఈమధ్యవే చూసినా, 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కొబ్బరినీ జీడితోటల్నీ నేలమట్టం చేశాయి.

సముద్రం దాటడం ఈ తీరానికి కొత్త కాదు. ఒకప్పుడు దారి రంగూన్‌కి ఉండేది. అక్కడి రేవుల్లో మూటలు మోసింది, మిల్లుల్లో చెమటోడ్చింది తెలుగువాళ్ళే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో అక్కడ తెలుగువాళ్ళందరినీ ‘కోరంగీ’లన్నారు. ఆ పిలుపులో కూలివాడన్న చులకన కలిసిపోయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ జరిగిన గొడవల్లో ఆ ముద్ర ప్రాణాల మీదికి తెచ్చింది. 1942లో జపాన్ దాడితో లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. 1960లలో మిగిలినవాళ్ళలోనూ చాలామంది వచ్చేశారు. విశాఖలో ‘బర్మా క్యాంపు’ అలా వెలిసిందే.

ఆ దారి మూసుకుపోతున్న రోజుల్లోనే అండమాన్ తలుపు తెరుచుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక దీవుల్లో జనాన్ని స్థిరపరచాలనుకుంది ప్రభుత్వం. తూర్పు బెంగాల్ కాందిశీకులకు భూములిచ్చింది. చుట్టూ చేపలున్నా పట్టేవాళ్ళు తక్కువ. అందుకని 1950లలో ఆంధ్ర, కేరళ తీరాల నుంచి మత్స్యకార కుటుంబాలను పిలిపించింది. ముందు వెళ్ళినవాళ్ళు బావమరిదికి, ఊరివాడికి కబురు పంపారు. చేపల వెనకే రోడ్డు పనులు, జెట్టీ పనులు, ఇళ్ళ పనులు. మేస్త్రీ చేయిపట్టుకుని ఓడెక్కినవాళ్ళ పిల్లలూ మనవలే ఈరోజు జంగ్లీఘాట్‌లో, ఊరి చుట్టుపక్కల బస్తీల్లో కనిపించే తెలుగు జనం.

> దీవుల్లో తెలుగు
>
> ● 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 50 వేలు, అంటే 13 శాతం పైచిలుకు.
>
> ● మొదటి స్థానం బెంగాలీది (28.5 శాతం). తర్వాత హిందీ (19.3), తమిళం (15.2). తెలుగుది నాలుగో స్థానం.
>
> ● అదే లెక్కల్లో దీవుల అక్షరాస్యత 86.6 శాతం, శ్రీకాకుళం జిల్లాది 61.7 శాతం.
>
> ● విశాఖ నుంచి శ్రీ విజయపురానికి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర రోజుల ప్రయాణం.

కట్టు చూసి కొలత

బట్టను బట్టి మనిషిని లెక్కగట్టడం ఈ దీవుల్లో సర్కారు మొదలుపెట్టిన పని. 1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. అప్పటినుంచీ ఖైదీకి బట్టే గుర్తింపు కార్డు. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఆ పద్ధతిని మరింత బిగించింది. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన రంప వీరుల్లో కొందరు ఆ జైలు గోడల మధ్య శిక్ష అనుభవించారు. జైలు మూతపడింది. చూడగానే తేల్చేసే అలవాటు మాత్రం జనంలో మిగిలిపోయింది.

> మెడలో నేరం
>
> కాలాపానీ ఖైదీ మెడలో ఇనుప కడియం, దానికి వేలాడే చిన్న చెక్కబిళ్ళ ఉండేవి. ఖైదీ నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష వేసిన తేదీ, విడుదల తేదీ ఆ బిళ్ళ మీద చెక్కేవారు. ప్రమాదకారి అనుకున్నవాడికి ఇంగ్లిష్ అక్షరం ‘డి’ అదనం. పేరు అడగనక్కర్లేదు, మాట వినక్కర్లేదు. దూరంనుంచే మనిషి ఎవరో, ఎలాంటివాడో తెలిసిపోవాలన్నది దొరల ఏర్పాటు.

మన తీరం నుంచి మొదట వెళ్ళిన ఆడవాళ్ళను ఓసారి ఊహించుకోండి. మోకాళ్ళ పైకి బిగించి కట్టిన చీర, చేతుల నిండా పచ్చబొట్లు, ముక్కుకు రెండువైపులా పుడకలు, తలమీద చేపల గంప. నోట్లో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను లోపలికి పెట్టి పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ముసలమ్మలకు అది వందేళ్ళనాటి అలవాటు. నోటి క్యాన్సర్‌కు దారితీస్తుందని డాక్టర్లు మొత్తుకునేదీ దాని గురించే. ఆ చీర అలా కట్టడానికి కారణముంది. నీళ్ళలో దిగాలి, బురదలో నడవాలి, గంపెత్తుకుని మెట్లెక్కాలి. పనికోసం పుట్టిన కట్టు అది. ఆ పని చేయనివాళ్ళ కంటికి మాత్రం ‘నాగరికం లేని’ కట్టు అయింది.

వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. నిమ్మకాయ రుద్దినా, సబ్బుతో రెండుసార్లు తోమినా చేపల బుట్ట మోసిన చేతికి అది అంటుకునే ఉంటుంది. చేపల ఇళ్ళలో పిల్లలు బడికెళ్ళే వేళకు తల్లి బేరం నుంచి తిరిగిరాదు. వచ్చినా బడి గేటు దాకా వెళ్ళదు. పేరెంట్స్ మీటింగ్‌కు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్నో, కాస్త చదువుకున్న బాబాయో వెళతాడు. పిల్ల నామోషీ పడుతుందేమోనని తల్లే తప్పుకుంటుంది. ఫీజు కట్టింది ఆమె చేపల డబ్బే. ఇలా తప్పుకోవడానికి ఏ రిజిస్టరులోనూ లెక్క ఉండదు. పేదరికం దాటిన ఇళ్ళలో ఎక్కువమంది చెల్లించే మూల్యం ఇదే.

చూపు ఎంత క్రూరంగా ఉంటుందో జారవాల విషయంలో లోకమంతా చూసింది. తమ అడవిలో తమకు సరిపోయినట్టు బతికే ఆ ఆదివాసులు 1990ల చివర్లో బయటివాళ్ళకు ఎదురుపడటం మొదలైంది. వాళ్ళ అడవి మధ్యనుంచి వెళ్ళే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద పర్యాటకుల వాహనాలు బారులు తీరాయి. తిండి ఆశచూపి జారవా ఆడపిల్లల చేత డాన్సు చేయించిన వీడియో 2012 జనవరిలో బయటికొచ్చింది. ఒంటిమీద బట్ట తక్కువైతే మర్యాదకు అర్హత లేదని నమ్మేవాళ్ళు ఆ వాహనాల్లో ఉన్నారు. వాళ్ళలో చదువుకోనివారు ఎందరుంటారు!

అక్కడ అందరి హిందీ వంకరే

దీవుల్లో ఒక చిత్రం ఉంది. వచ్చినవాళ్ళంతా ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళే. ఖైదీలుగా వచ్చి ఉండిపోయినవాళ్ళు కులం, మతం చూసుకోకుండా పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పెళ్ళికి దొరికిన తోడే భాగ్యం అనుకునే రోజులవి. వాళ్ళ సంతతే ‘లోకల్ బార్న్’. వాళ్ళింట్లో పుట్టిన హిందుస్థానీయే దీవుల ఉమ్మడి భాష అయింది. బెంగాలీ, తమిళ, మలయాళ, తెలుగు, నికోబారీ నోళ్ళలో నలిగి ఆ హిందీ బాగా మెత్తబడింది. ఏ వస్తువు స్త్రీలింగం, ఏది పుంలింగం అని వెతుక్కునే ఓపిక ఎవరికీ లేదు. ‘గాడీ ఆయా’ అన్నా పని జరిగిపోతుంది. ఎదుటివాడి హిందీ కూడా అంతే కాబట్టి నవ్వే హక్కు ఎవరికీ దక్కలేదు.

అందుకే మన ఊళ్ళలో తెలుగులోనే మాట్లాడటానికి జంకే ఆడవాళ్ళు అక్కడ హిందీలో ధైర్యంగా దెబ్బలాడతారు. ఆఫీసు కౌంటరు దగ్గర తప్పుల హిందీలో గట్టిగా నిలదీస్తారు. భాష వచ్చాక ధైర్యం రాలేదు. తప్పు పట్టేవాడు లేకపోబట్టి ధైర్యం ముందొచ్చింది, దాని వెనక భాష వచ్చింది. పేదవాడికి దీవులు ఇచ్చిన పెద్ద వరం ఇదే.

అలాగని అక్కడ అంతా సమానమే అనుకుంటే పొరపాటు. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ నుంచి అడవులు నరకడానికి తెచ్చిన ఓరాన్, ముండా, ఖరియా ఆదివాసులను ఇప్పటికీ ‘రాంచీ’లనే అంటారు. దీవుల రోడ్లలో వాళ్ళ చెమట ఉంది. సొంత రాష్ట్రంలో వాళ్ళు షెడ్యూల్డ్ తెగలు. ఇక్కడి ఎస్టీ జాబితాలో దీవుల ఆదివాసులే ఉంటారు కాబట్టి వాళ్ళకు ఆ హోదా లేదు. అండమాన్‌లో ఎస్సీ జాబితా అసలే లేదు. దీవుల ఓబీసీ జాబితాలో 1942కు ముందునుంచీ ఉన్న లోకల్స్, బెంగాలీ సెటిలర్లు, కరెన్లు, మోప్లాలు, భంటూలు ఉన్నారు. తెలుగు మత్స్యకారుల పేరు అందులో లేదు. సొంత ఊళ్ళో ఉన్న బీసీ సర్టిఫికెట్టు ఓడ దిగగానే చెల్లని కాగితమవుతుంది. మెట్లెక్కాలంటే సొంత కాళ్ళే దిక్కు.

మజ్దూరు నుంచి మునిసిపాలిటీకి

ఆ మెట్లలో మొదటిది ‘డీఆర్‌ఎమ్’. డెయిలీ రేటెడ్ మజ్దూర్ అన్నమాట. పీడబ్ల్యూడీలోనో, రేవులోనో రోజుకూలీగా చేరితే ఎప్పటికైనా పర్మినెంట్ అవుతామన్న ఆశ. ప్రభుత్వమే పెద్ద యజమాని అయిన చోట ఆ కార్డు విలువ పెళ్ళి సంబంధాల దాకా వెళుతుంది. ఖాకీ చొక్కా ఒంటిమీదికొస్తే వీధిలో పిలుపు మారుతుంది. నిన్నటిదాకా ‘ఏయ్’ అన్నవాడు ‘భాయ్’ అంటాడు.

రెండో మెట్టు బడి. ఇంగ్లిష్, హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమంలో చదువు చెప్పిన ఘనత దీవుల విద్యాశాఖది. తల్లి భాషలో అఆలు దిద్ది, పైతరగతుల్లో సీబీఎస్‌ఈ పరీక్ష రాసి, 1967లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయలో డిగ్రీ చేసే దారి పేద పిల్లలకు తెరుచుకుంది. ఇప్పుడు తల్లిదండ్రుల చూపంతా ఇంగ్లిష్ మీడియం మీదే. టై, బూట్లు, ఐడీ కార్డు. ఆ యూనిఫాం తొడిగిన పిల్లను చూసి ఏ ఇంటిదో చెప్పడం కష్టం. పేదవాళ్ళు యూనిఫాం మీద ఎందుకంత ఖర్చు పెడతారని ఆశ్చర్యపోయేవాళ్ళకు జవాబు అక్కడే ఉంది.

మూడో మెట్టు ఓటు. 2022 మార్చిలో జరిగిన పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ 2 వార్డులు గెలిచింది. మరుసటి ఏడాది మార్చిలో బీజేపీ మద్దతుతో ఆ పార్టీ సభ్యురాలు ఎస్. సెల్వి ఛైర్‌పర్సన్ అయ్యారు. పార్టీల లెక్కలు ఎలా ఉన్నా, చేపల బుట్టలతో దీవికొచ్చిన భాష పేరున్న పార్టీ పట్టణ పీఠం దాకా చేరింది. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు జంగ్లీఘాట్ యాసను ఎగతాళి చేయరు కదా!

సెలవులకు ఊరొస్తే...

వేసవిలో విశాఖ ఓడ దిగి ఊరెళ్ళేవాళ్ళ కథ మరోరకం. బంకు క్లాసులో అటూ ఇటూ ఊగుతూ వచ్చినా, దిగేముందు అందరూ కొత్త బట్టలు తొడుక్కుంటారు. జీన్సు ప్యాంట్లు, కూలింగ్ గ్లాసులు, సెంటు. ఊరివాళ్ళు ‘అండమానోళ్ళు దిగారు’ అంటారు. అందులో సగం ఆప్యాయత, సగం అసూయ. అప్పు అడిగేవాళ్ళు ముందొస్తారు. పెళ్ళికీ గుడికీ చందా రాయించేవాళ్ళు తర్వాతొస్తారు. అక్కడ రోజుకూలీ అని చెప్పినా ఆ బట్టలు చూశాక ఎవరూ నమ్మరు. ఏడాది కూడబెట్టింది ఆ నెలలో కరిగిపోయిన ఇళ్ళు ఎన్నో. పేదవాడిగా కనబడకూడదన్న పట్టుదలకు ఖర్చు ఎక్కువ.

పిల్లల తిప్పలు వేరు. నాన్నమ్మతో తెలుగు మాట్లాడుతూ మధ్యలో ‘మత్లబ్’, ‘అచ్ఛా’ అనేస్తారు. ఊరి పిల్లలు నవ్వుతారు. అదే పిల్ల పెద్దయ్యి హైదరాబాద్‌లో హాస్టల్లో చేరితే ‘నువ్వు సిక్కోలా?’ అని ఇంకోరకం నవ్వు. ఇంట్లో విన్న ‘ఏటి’, ‘అలగ’, ‘సేప’ అక్కడ పట్టిస్తాయి. దీవిలో తెలుగోళ్ళ పిల్ల, ఊళ్ళో అండమానోళ్ళ పిల్ల, హైదరాబాద్‌లో సిక్కోలు పిల్ల. మనిషి మారలేదు. చూసేవాళ్ళు మారినప్పుడల్లా ఆమె ఎవరో వాళ్ళే తేల్చేస్తున్నారు.

ఇందులో పెద్ద వింత ఇంకోటుంది. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం పక్కనున్న పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. గ్రాంథికం మీద ఆయన గెలిచారు. గెలిచాక పుస్తకాల్లోకి వచ్చింది మాత్రం చదువుకున్నవాళ్ళు మాట్లాడుకునే శిష్ట వ్యావహారికం. తర్వాత పత్రికలు, రేడియో, సినిమా కలిసి మధ్యకోస్తా మాటకు ‘మంచి తెలుగు’ అని పట్టం కట్టాయి. గిడుగు సొంత జిల్లా జాలరి మాట గడప అవతలే ఉండిపోయింది. కొండల్లో సవరల భాషను కష్టపడి నేర్చుకుని నిఘంటువు రాసిన మనిషి పుట్టిన నేల అది!

> మాట్లాడేందుకు మనిషే లేక...
>
> గ్రేట్ అండమానీ భాషల్లో ‘బో’ ఒకటి. దాన్ని మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరి 26న దాదాపు 85 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 2004 సునామీని తట్టుకుని బతికిన ఆమె చివరి ఏళ్ళలో తన భాషలో మాట్లాడదామంటే జవాబిచ్చే నోరు లేక, అండమానీ హిందీతో సరిపెట్టుకున్నారు. భాషావేత్త అన్వితా అబ్బి ఆమె మాటల్ని రికార్డు చేశారు. 2011 లెక్కల్లో గ్రేట్ అండమానీల సంఖ్య 44 మాత్రమే.

వదులుకున్నదేమిటి?

తెలుగుకు బో భాష గతి పడుతుందన్న భయం అక్కర్లేదు. కోట్లమంది మాట్లాడే భాష ఇది. పోయేది మాత్రం ఒకటుంది. ఏ గాలికి ఏ వల వేయాలి, నీటి రంగు మారితే ఏ చేప వస్తుంది, నెల ఎన్నో రోజున పోటు ఎలా ఉంటుంది అన్న తెలివంతా జాలరి యాసలోనే ఉంది. ఆ యాస నామోషీ అని పిల్లలకు దూరం చేసిన ఇంట్లో ఆ తెలివి కూడా తాతతోనే ఆగిపోతుంది. పిల్లకు ఉద్యోగం వచ్చింది, మంచిదే. తాతకు తెలిసిన సముద్రం ఏ సిలబస్‌లోనూ చేరలేదు.

దీవుల బడులు తేలిగ్గా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. చేపల బేరం ముగిసే వేళ చూసి పేరెంట్స్ మీటింగ్ పెడితే తల్లులు వస్తారు. ఏడాదికోసారి తండేలును, అంటే పడవ పెద్దను తరగతికి పిలిచి వలల గురించి, పోటుపాట్ల గురించి చెప్పిస్తే పిల్లలకు ఇంటి పని మీద గౌరవం పెరుగుతుంది. ఆగస్టు 29న పద్యాల పోటీలతో పాటు ఉత్తరాంధ్ర యాసలో కథ చెప్పే పోటీ పెడితే ఖర్చేమీ ఉండదు.

అసలు మారాల్సింది ఇటువైపు ఒడ్డు. అండమాన్‌లో తప్పుల హిందీని అందరూ అర్థం చేసుకుంటారు, ఎందుకంటే అర్థం చేసుకోకపోతే పూటగడవదు. విశాఖలో, విజయవాడలో, హైదరాబాద్‌లో ఆ అవసరం లేదు కాబట్టి మన చెవులు బద్ధకించాయి. పాఠం చెప్పేవాళ్ళు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆ బద్ధకం వదిలించుకుంటే పేదింటి పిల్ల తన తెలివి చూపించడానికి ముందు నాలుక సరిచేసుకునే పని తప్పుతుంది. మిగిలిన ఆ సమయంలో ఇంకో పాఠం చదువుకుంటుంది.